మంట వచ్చు తేదీ

గువ్వలకొట్టాల వెనక ఉండే ఎర్రబండ కొండకు నిప్పంటుకుంటే ఆర్పగలిగినవి రెండే. ఒకటి వాన. వాన ఎండాకాలంలో రాదు గనక, మిగిలింది సుంకన్న.

సుంకన్నది కొండ కాపలా. శివరాత్రి పోయిన మర్నాటి నుంచి తొలకరి పడేదాకా, పొద్దున సద్దిమూట కట్టుకుని కొండెక్కుతాడు, పొద్దుగూకినాక దిగుతాడు. పద్దెనిమిదేండ్లుగా అంతే. కొండంతా నడుమెత్తు బోదగడ్డి. ఫాల్గుణం వచ్చేసరికి అది ఎండి, గాలికే గలగలమంటూ ఉంటుంది. ఎవడో ఒకడు బీడీ తుంట పారేస్తాడు, తేనె దించేవాడెవడో పొగబెట్టి మర్చిపోతాడు, కొండ అంటుకుంటుంది. అంటుకున్న మంట కిందికి దిగితే కొట్టాల్లో అరవై ఇళ్లు, ఇంటికొక గడ్డివామి.

కొండమీద నీళ్లచుక్క లేదు. మంటను కొట్టి ఆర్పాల్సిందే, కొట్టడానికి పచ్చి మండ ఉండాల్సిందే. అన్నీ ఎండిన కొండమీద పచ్చగా మిగిలేది తంగేడు ఒక్కటి. మేకలు దాన్ని మూతితో ముట్టవు, ఎండ దాన్ని ఏమీ చేయదు, ఏడాదిలో ఏ రోజు చూసినా ఏదో ఒక కొమ్మకు నాలుగు పసుపుపచ్చ పూలుంటాయి. సుంకన్న మూరన్నర కొమ్మ ఒకటి విరిచి, మంట అంచున పెట్టి, అణచి లోపలికి ఈడుస్తాడు. పైకెత్తి బాదడు. ఎత్తి బాదితే రవ్వలు లేచి వీపు వెనక ఇంకో మంట పుడుతుందని వాళ్ల నాయన నేర్పాడు. పనైపోయినాక ఆ మాడిన మండలను తెచ్చి ఫారెస్టు గార్డు జయరాముడి గడప ముందు పడేస్తాడు. మండలెన్నో చూసి మంట ఎంతదో జయరాముడు రాసుకుంటాడు. సుంకన్నకు చదువు లేదు, జయరాముడికి కొండెక్కే ఓపిక లేదు, అందుకని ఇద్దరికీ ఆ పద్ధతి బాగా కుదిరింది.

ఇట్లా సాగుతున్న కొండ కాపలాను ఆ ఏడాది ఒక కొత్త సంస్థ కిందికి మార్చారు. దాని పేరు శుష్కభూముల స్వదేశీ పూపొదల పరిరక్షణ, ప్రోత్సాహక, పర్యవేక్షణ సంస్థ. అంత పేరు పలికే తీరిక లేక ఊరివాళ్లు పొదలాఫీసు అన్నారు. దానికి విశేషాధికారిగా పురంధరరావు గారు పట్నం నుంచి వచ్చారు. ఆయనకు తంగేడంటే ప్రాణం. పసుపుపచ్చ చొక్కా తప్ప వేసేవారు కాదు. బల్లమీద తంగేడు పూలగుత్తి ఉండేది, అయితే పువ్వు తుంచడం ఆయనకు గిట్టదు గనక అది ప్లాస్టిక్ గుత్తి. వచ్చిన వారంలోపే కొండకింద ఒక బోర్డు నాటించారు. జయరాముడు దాన్ని సుంకన్నకు చదివి వినిపించాడు. తంగేడు కొమ్మగాని, రెమ్మగాని, ఆకుగాని, మొగ్గగాని, ఏ కారణం చేతనైనను త్రుంచుట నేరము.

సుంకన్న నిదానం మనిషి. విన్నదాన్ని కాసేపు నోట్లో నమిలి, మరి అగ్గి వస్తే దేంతో కొట్టాలని అడిగాడు. జయరాముడు బోర్డు వెనక్కి పోయి కూడా చూసి వచ్చాడు. అక్కడేమీ రాసి లేదు. పైకి రాస్తానులే మామా అన్నాడు.

పైనుంచి జవాబు రాకముందే మంట వచ్చింది. మంటకు బోర్డు సంగతి తెలియదు. సుంకన్న రెండు కొమ్మలు విరిచాడు, జాము సేపు కొట్టాడు, ఆర్పాడు. ఎప్పటిలాగే ఆ రెండు మండలను భుజాన వేసుకుని వచ్చి పడేశాడు. కాకపోతే ఆరోజు జయరాముడు ఆఫీసులో ఉండడం వల్ల, ఆఫీసు గడప ముందు పడేశాడు. పురంధరరావు గారు బయటికొచ్చి వాటిని చూసి, గుమ్మం పట్టుకున్నారు.

"ఇవి ఎక్కడివి?"

"కొండవి సార్. అగ్గొచ్చింది, ఆర్పినా."

"అగ్ని సంగతి మరొక విభాగం చూసుకుంటుంది. నేను అడుగుతున్నది ఈ శాఖాద్వయం గురించి."

సుంకన్న జయరాముడి వైపు చూశాడు. కొమ్మలు రెండు అంటాండారు మామా అని అతను మెల్లగా చెప్పాడు.

లోపల కూచోబెట్టి అడిగారు. గుమాస్తా కొమ్మలమీది పూలు లెక్కబెట్టి అరవై ఒకటి అన్నాడు, మాడినవి ఎన్నో చెప్పలేనన్నాడు. సాక్ష్యం వాడిపోకూడదని రెండు కొమ్మలనూ కుండలో నీళ్లుపోసి పెట్టించారు. ఒకటి పూర్తిగా బొగ్గయిపోయింది. అయినా దానికీ సమానంగానే నీళ్లు పోశారు. అప్పుడు పురంధరరావు గారు శాస్త్రం చెప్పారు.

"కాలిన తంగేడు వేరునుంచి తిరిగి చిగురిస్తుంది. ఇది నిరూపితం. కనుక అగ్ని వలన పొదకు శాశ్వత నష్టం లేదు. కానీ విరిచిన కొమ్మ తిరిగి మొలుస్తుందని ఎక్కడ ఉంది? చూపించండి."

ఇది సుంకన్నకు తెలిసిన విషయం. తెలిసిన విషయం ఒకరు అడిగితే చెప్పకుండా ఉండలేడు.

"మొలుస్తాది సార్. ఇరిసిన కాడ రెండేసి మొలుస్తాయి. పద్దెనిమిదేండ్ల నుంచి నేనే ఇరుస్తాండా కదా."

గుమాస్తా కలం గీరుకుంటూ పోయింది. జయరాముడు పైకప్పు చూశాడు. రెండు కొమ్మల నేరం కాస్తా పద్దెనిమిది సంవత్సరాల నిరంతర శాఖాభంగం అయింది. విచారణ ఉగాది పోయినాక అన్నారు. నేరం తేలితే కాపలా పోతుంది. అంతటితో ఆగదు, బతికున్నంత కాలం ఎర్రబండ కొండమీద కాలు పెట్టకూడదు.

ఇంటికొచ్చి ఆ మాట భార్య ఉసేనమ్మకు చెప్పాడు. చెప్పి సంగటి ముద్ద ముందు పెట్టుకుని కదలకుండా కూచున్నాడు. కాపలా పోతే పోనీ అనుకోగలడు. కొండెక్కని ఎండాకాలం ఒకటి ఉంటుందనేదే అతని బుర్రకు ఎక్కడం లేదు. ఉసేనమ్మకు ఏడుపొచ్చింది గాని, ఏడిస్తే ఈయన ఇంకా కుంగిపోతాడని తిట్టింది.

"కొండకు పోకుంటే ఏం చేస్తావయ్యా నువ్వు? ఇంట్లో కూచోని పొయ్యిలో మంట కూడా ఆర్పుతావు. నాకు అన్నం ఉడకదు."

సుంకన్న నవ్వలేదు.

ఆఫీసువాళ్లు ఊరికే కూచోలేదు. కొమ్మలు విరవకుండా మంటలార్పే మార్గం కనిపెట్టారు. పట్నం నుంచి యాభై ప్రత్యామ్నాయ మండలు వచ్చాయి. ప్లాస్టిక్కువి. ఆకులు పచ్చగా, పూలు పసుపుగా, అచ్చం తంగేడే, ఇంకా కొంచెం అందంగా కూడా ఉన్నాయి. వాటితో శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. ఆఫీసు ఆవరణలో నిప్పు నిషిద్ధం గనక ఎర్రగుడ్డ ఒకటి కిటికీకి కట్టి, ఫ్యాను గాలికి అది రెపరెపలాడుతుంటే, దాన్ని కొట్టి చూపించాడు. గుడ్డ రెండు దెబ్బలకే ఊడి కింద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం నిప్పుకు ఇది తగిలితే ఏమవుతుందని సుంకన్న లేచి అడిగాడు. మంచి ప్రశ్న అని ఆయన మెచ్చుకుని, అట్టపెట్టె మీద చూసి చెప్పాడు.

"నిప్పుకు దూరంగా ఉంచవలెను అని స్పష్టంగా ఉంది."

కొండమీది పొదలన్నిటికీ రేకు బిళ్లలు కట్టి నంబర్లు వేశారు. ఆ తర్వాత పురంధరరావు గారు సుంకన్నను పిలిపించి, సంస్థ కఠినమైనది కాదన్నారు. తప్పు చేసినవాడు ఒక్కసారైనా నియమప్రకారం కొమ్మ విరిచి చూపిస్తే సత్ప్రవర్తన కింద పాత కేసు మాఫీ చేసే వీలుందన్నారు. దానికొక దరఖాస్తు ఉంది. పదిహేను రోజుల ముందుగా ఇవ్వాలి.

జయరాముడు ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కో గడి చదువుతూ నింపాడు. విరవదలచిన పొద నంబరు. సుంకన్న వేళ్లమీద ఆలోచించి మూడువందల పన్నెండు చెప్పాడు, అది గుబురు. ఏ దిక్కు కొమ్మ. దక్షిణం. పొడవు. మూరన్నర. తర్వాతి గడి దగ్గర జయరాముడు ఆగిపోయాడు.

"మంట వచ్చు తేదీ, సమయం అనుండాది మామా."

"నాకెట్ల తెలుస్తాది అల్లుడా?"

"తెలీదని రాస్తే వెనక్కి కొడ్తారు. ఏదో ఒకటి చెప్పు."

పదిహేను రోజులు దాటాలి గనక పదహారో రోజు చెప్పాడు. ఏప్రిల్ పదమూడు, పొద్దున పదకొండు గంటలు. మూడు ప్రతులకు వేలిముద్ర వేశాడు. ఆఫీసులో ఏనాడూ లేనంత వేగంగా అనుమతి మంజూరైంది. దానికింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. పేర్కొన్న సమయమునకు మంట రానియెడల, దరఖాస్తుదారుడు సంస్థను తప్పుదోవ పట్టించినట్లు భావించి పాత నేరమునకు ఇది కూడా జతచేయబడును.

ఆ పదిహేను రోజులూ సుంకన్నకు నరకమే. కొండకు నిప్పు రాకూడదని పద్దెనిమిదేండ్లు సుంకులమ్మకు మొక్కుకున్న మనిషి, ఇప్పుడు రావాలని మొక్కుకోవాల్సి వచ్చింది. గుడి దాకా పోయి, ఏమి అడగాలో తెలియక, కొబ్బరికాయ కొట్టకుండానే తిరిగొచ్చాడు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు చెవిలో చెప్పారు, ఒక అగ్గిపుల్ల చాలు గదా అని. సుంకన్న వాళ్లతో ఆ తర్వాత మాట్లాడలేదు.

పదమూడో తేదీ రానే వచ్చింది. కొండ నడుమ చదునులో షామియానా వేశారు. పురంధరరావు గారు, గుమాస్తా, శిక్షణ ఇచ్చినాయన, ఇంకా పట్నం నుంచి వచ్చిన వాళ్లతో కలిపి పదకొండుమంది ఆఫీసువాళ్లు. నియమబద్ధమైన తొలి శాఖాచ్ఛేదన మహోత్సవం అని బ్యానరు. సుంకన్నకు కొత్త తువ్వాలు కప్పి పక్కన నిలబెట్టారు. పదకొండయింది. పదకొండుంబావు అయింది. కొండ కొండలాగే ఉంది. పట్నం వాళ్లు గడియారాలు చూసుకున్నారు. పురంధరరావు గారి మొహం చొక్కా రంగులోకి తిరిగింది. మంజూరైన మంట రాకపోవడం దరఖాస్తుదారుడి ఒక్కడి తప్పు కాదని, మంజూరు చేసిన సంస్థ పరువు కూడా అందులో ఉందని ఆయన అక్కడికక్కడే సమావేశం పెట్టి తేల్చారు. సంస్థే మంటను ఏర్పాటు చేయాలని తీర్మానమైంది. పదకొండున్నర లోపు అంటిస్తే పదకొండు కిందనే రాసుకోవచ్చని గుమాస్తా చెప్పాడు.

సుంకన్న ఎప్పుడూ ఎవరి మాటకూ అడ్డం పోయినవాడు కాదు. ఆరోజు పోయి పురంధరరావు గారి ముందు నిలబడ్డాడు.

"వద్దు సార్. పదకొండు దాటితే పడమటి గాలి లేస్తాది. కింద కొట్టాలుండాయి. నా మీద కేసు అట్లనే పెట్టుకో. నేను కొండెక్కను, నిప్పు మాత్రం పెట్టొద్దు."

"గాలి విషయం దరఖాస్తులో లేదు" అన్నారు పురంధరరావు గారు.

గుమాస్తా అగ్గిపుల్ల గీశాడు.

మంట కాసేపు మర్యాదగానే ఉంది. గాలి లేచింది. అప్పుడు అది గుమాస్తా కాళ్ల దగ్గర నుంచి లేచి నిలబడి, బోద మీద చెయ్యి వేసి, గుర్రంలాగా పరిగెత్తింది. శిక్షణ ఇచ్చినాయన ప్లాస్టిక్కు మండతో ఒక్క దెబ్బ కొట్టాడు. పూలు కారిపోయి చుక్కచుక్కగా మండుతూ కింద పడ్డాయి, ఆయన పిడి కూడా వదిలేసి షామియానా వైపు పరిగెత్తాడు, షామియానా ఆయనకంటే ముందే అంటుకుంది. సుంకన్న నలభై బారలు పరిగెత్తి మూడువందల పన్నెండు దగ్గరికి పోయి, దక్షిణం కొమ్మ, మూరన్నర, ఒకటి విరుచుకుని వచ్చాడు. ఒక్క కొమ్మతో ఆ మంట ఆగదు. ఎగువన పొగలో పసుపు చొక్కా కనిపించింది. ఇంకో కొమ్మ ఇరవాల సార్, చెప్పండి అని అడిగాడు. పురంధరరావు గారు ఏదో అనబోయి దగ్గారు. దగ్గుతూనే రెండు చేతులా పక్కనున్న తంగేడును పట్టుకుని, బిళ్లతో సహా, సగం పొదను ఊడబెరికారు.

అది చూసి మిగిలిన పదిమందీ తలా ఒక పొద మీద పడ్డారు. విరిచింది విరిచినట్టు తెచ్చి బాదుతున్నారు. పురంధరరావు గారు తలకంటే ఎత్తుకు లేపి బాదుతున్నారు, రవ్వలు ఆయన కనుబొమలమీదుగా వెనక్కి ఎగురుతున్నాయి. సుంకన్న ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఎత్తొద్దు. అణిసి ఈడ్వు."

తన జన్మలో ఒక ఆఫీసరుకు అతను ఇచ్చిన తొలి ఆజ్ఞ అది. పురంధరరావు గారు మారుమాట లేకుండా అణచి ఈడ్చారు. కిందినుంచి ఉసేనమ్మతో సహా కొట్టాలవాళ్లు బిందెలతో ఎక్కివచ్చేసరికి, మంట గడ్డివాములకు రాయి విసిరితే అందేంత దూరంలో ఆగి, పొగై, చచ్చింది.

మసిబొమ్మల్లాంటి పదకొండుమంది షామియానా గుంజల మధ్య కూచున్నారు. ఎవరికి వారు తమ చేతిలోని కొమ్మను వీపు వెనక దాచుకుంటున్నారు. విరిగినవి తొంభైనాలుగు. అనుమతి ఒక్కదానికే. ఆ సాయంత్రం దాకా ఆలోచించి నివేదిక రాశారు, పురంధరరావు గారు స్వయంగా చదివారు. కనుబొమలు లేకపోవడం వల్ల ఆయన మొహం చదువుతున్నంతసేపూ ఆశ్చర్యపోతున్నట్టే ఉంది.

"అగ్ని సమీపించిన తరుణంలో 312వ నంబరు పొద, తన సహచర పొదలతో కూడి, స్వయంప్రేరణతో తన శాఖలను అగ్నిపై వ్రాల్చి, దానిని సంపూర్ణంగా అణచివేసినది. సిబ్బంది యావన్మందీ ఈ అద్భుతాన్ని తగిన దూరం నుంచి వీక్షించిరి."

సుంకన్న అంతా విన్నాడు. "ఇందులో నేను యాడుండా సార్?" అని అడిగాడు.

"మీరు స్వతంత్ర సాక్షి."

"నా కేసు?"

"పొదలు తమంతట తామే కొమ్మలు వాలుస్తాయని ఋజువయ్యాక, పద్దెనిమిదేళ్లుగా మీరు విరిచారనడానికి ఆధారం ఏముంది?"

ఇది సుంకన్నకు నిజంగానే బాగా అనిపించింది. అబద్ధమని తెలుసు. కానీ రేపు పొద్దున కొండెక్కవచ్చు. బొటనవేలికి సిరా పూయాల్సిన పని కూడా లేకపోయింది, మసి ఉంది కదా, అట్లాగే వత్తాడు.

పదిరోజులకు ఉత్తర్వు వచ్చింది. పొదలే మంటలార్పుతున్నందున మనిషి కాపలా అనవసరమని తేలింది, ఆ పదవి రద్దు. దాని స్థానంలో 312వ పొదను ప్రధాన కాపలాదారుగా నియమించారు. మెడలాంటి చోట ఇత్తడి బిళ్ల వేలాడదీశారు. ఇక సుంకన్న కొండెక్కవచ్చా అని జయరాముడు పోయి అడిగితే, విధి నిర్వహణలో ఉన్న సిబ్బందిని బయటివాళ్లు కలవకూడదన్నారు. సుంకన్న ఇంటి ముందు నులకమంచం వేసుకుని, కొండకు ఎదురుగా కాకుండా, వీపు పెట్టి కూచోవడం మొదలుపెట్టాడు. ఉసేనమ్మ తిట్టడం మానేసింది. అది చూసి అతనికి ఇంకా భయమేసింది.

ఇంతలో ఆఫీసుకు ఒక చిక్కొచ్చింది. నియామకపత్రం అందినట్టు ఉద్యోగి సంతకం ఉండాలి. జయరాముడు కాగితం తీసుకుని మూడుసార్లు 312 దగ్గరికి పోయి, మూడుసార్లూ ఖాళీ కాగితంతో తిరిగొచ్చాడు. సంతకం చేయని ఉద్యోగిని కొనసాగించడానికి వీల్లేదని పైనుంచి తాఖీదు. పొదను తీసేస్తే నివేదిక అబద్ధమవుతుంది. రాత రానివాళ్ల తరఫున ఎవరైనా వేలిముద్ర వేయవచ్చని గుమాస్తా నిబంధన వెతికిపట్టాడు. ఆ కొండమీద వేలిముద్ర వేసే అలవాటున్నవాడు ఒక్కడే. సుంకన్నను పిలిపించారు.

గుమాస్తా గడి చూపించి, ఉద్యోగికి నువ్వు ఏమవుతావని అడిగాడు. సుంకన్న జవాబు చెప్పేలోగా గుమాస్తా రెండుసార్లు ఆవలించాడు.

"పని నేర్పించినోణ్ణి" అన్నాడు చివరికి.

అలాంటి గడి లేదు. ఉన్నవి రెండే, పై ఉద్యోగి, కింది ఉద్యోగి. పై ఉద్యోగి అని రాస్తే పురంధరరావు గారితో పేచీ. కాబట్టి కింది ఉద్యోగి అని రాశాడు. కింది ఉద్యోగి అన్నాక, పై ఉద్యోగి విధుల్లో ఉన్నంతసేపూ పక్కనే ఉండాలనేది ఎప్పటినుంచో ఉన్న నిబంధన. మర్నాడు పొద్దున ఉసేనమ్మ సద్దిమూట కట్టింది, ఒక ఉల్లిగడ్డ ఎక్కువ పెట్టింది.

వైశాఖంలో మళ్లీ నిప్పు వచ్చింది. ఈసారి ఎవరూ పిలవని, ఎవరూ మంజూరు చేయని మంట. సుంకన్న దాన్ని దూరం నుంచే చూశాడు, గాలి చూశాడు, ఇంకా వ్యవధి ఉందనుకున్నాడు. నేరుగా 312 ముందుకు పోయి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఒక కొమ్మ ఇరుచుకోవచ్చునా దొరా అని అడిగాడు. గాలి వీచింది. దొర పూలతో సహా తల ఊపాడు.

అంత తొందరగా అనుమతి ఇచ్చిన ఆఫీసరును సుంకన్న తన నౌకరీలో చూసి ఎరగడు. దక్షిణం వైపు కొమ్మ ఒకటి విరుచుకుని కిందికి పోయాడు.